రాకడ పటం

మొన్న మనవరాలు కాళహస్తికి పోయి కలంకారీ దుప్పటి ఒకటి కొనుక్కొచ్చింది. పొట్లం విప్పి నా మంచం మీద పరిచిందో లేదో గదంతా ఆ వాసన కమ్ముకుంది. బర్రెపాలు విరిగినట్టు, కరక్కాయ నానినట్టు, అడుగున ఎక్కడో తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ కలిసినట్టు ఉండే వాసన. “ఉతికితే పోతుందిలే అవ్వా” అంది పిల్ల. పోదని నాకు తెలుసు.

“ఏ పక్క పైకి వెయ్యాల అవ్వా? బొమ్మలు పైకా, లోపలికా?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. వినబడలేదనుకొని తనకు తోచినట్టు వేసి పోయింది. ఈ వయసులో చెవుడు చాలా చోట్ల అక్కరకొస్తుంది.

మాది చంద్రగిరి కోట మొండిగోడలు కనబడేంత దూరంలో ఒక పల్లె. మా వీధిలో అందరూ క్రైస్తవులే. మిషన్ వాళ్ళు కట్టించిన పెంకుల గుడి ఒకటి ఉండేది. గంట తాడు తెగిపోతే రాతితో కొట్టి మోగించేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం మా ఊరికి రాలేదు గాని దాని కరువు మాత్రం నడుచుకుంటూ వచ్చింది. కిరసనాయిలు లేదు. గుడ్డ లేదు. బస్సులు పెట్రోలు లేక వెనక డ్రమ్ము కట్టుకొని బొగ్గు కాల్చుకుంటూ నడిచేవి. పట్నం మీద బాంబులు పడతాయని మద్రాసు నుంచి జనం పెట్టేబేడాతో వచ్చి తిరుపతిలో, చంద్రగిరిలో ఇళ్ళు వెతుక్కున్నారు. లోకం అంతమైపోతుందని ఎవరైనా అంటే కాదనడానికి మా దగ్గర పెద్ద ఆధారమేమీ లేదు.

మా నాయన పక్క ఊళ్ళో మిషన్ బడి అయ్యవారు. పాస్టరు రాని ఆదివారాల్లో గుళ్ళో వాక్యం చెప్పేవాడు. గొంతు పెంచేవాడు కాదు, పట్టు విడిచేవాడూ కాదు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. దర్జీ. మాకు ఎదురిల్లే. గుడ్డల మీద కంట్రోలు పెట్టాక కుట్టడానికి గుడ్డ లేక ఆయన కుట్టుమిషను మూలపడింది. చేతిలో పని లేని మనిషి తిరుపతిలో ఎవరిదో ప్రార్థన కూటానికి పోయి, అక్కడి నుంచి కొత్త బోధ ఒకటి మోసుకొచ్చాడు.

ఆ బోధ ప్రభువు రాకడ గురించి. ప్రభువు రెండు తూర్లు వస్తాడు. మొదటి తూరి ఎవరికీ తెలియకుండా మేఘాల దాకా వచ్చి తనవాళ్ళను ఎత్తుకుపోతాడు. ముందు సమాధుల్లో ఉన్నవాళ్ళు లేస్తారు, ఆ వెంటనే బతికున్నవాళ్ళు. అది ఈ పూటే కావచ్చు. సంగటి కెలుకుతుండగానే కావచ్చు. మిగిలిపోయినవాళ్ళకు ఏడేళ్ళ శ్రమలు, అంటే కరువులు, తెగుళ్ళు, సముద్రంలోంచి లేచే మృగం ఏలుబడి. ఆ తర్వాత అందరూ చూస్తుండగా వచ్చి వెయ్యేండ్లు ఏలుతాడు.

నాయన దీన్ని ఒప్పుకోడు. వచ్చేది ఒక్క తూరే. శ్రమలు అందరికీ. కడబూర ఊదిన రోజున మంచివాళ్ళవీ చెడ్డవాళ్ళవీ సమాధులన్నీ కలిసే తెరుచుకుంటాయి. వెయ్యేండ్లనేది పోలికగా చెప్పిన మాట. “దొంగమాదిరి ఎత్తకపోయేదానికి ఆయన దొంగా?” అనేవాడు నాయన. “దొంగమాదిరే వొస్తానని ఆయనే సెప్పినాడు గదా బావా” అనేవాడు మామ. దానికి వేరే అర్థం ఉందని నాయన మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఈ వాదనలన్నీ మా ఇంటి నడవలో, పితికిపప్పు గిన్నె చుట్టూ జరిగేవి. అది అనపకాయల కాలం. మా వైపు చలి పడిందంటే ప్రతి ఇంట్లో అనపగింజలు నానుతాయి. నానిన గింజను వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పొట్టు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఒక్కరితో అయ్యే పని కాదు. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా సరే కూర్చుని నాలుగు గింజలు పితికి పోవాల్సిందే. నేను గింజను గురిచూసి నొక్కి మామ చెవికి తగిలేట్టు కొట్టేదాన్ని. అమ్మ నా నెత్తిన మొట్టేది. మొట్టిన చేతికి కూడా అనప వాసనే.

“ఇదే బావా ఎత్తబడేదంటే” అన్నాడు మామ ఒకనాడు గింజను పైకెత్తి చూపిస్తూ. “నొక్కినాడంటే పప్పు పైకి పోతాది. పొట్టు ఈడ్నే పడుంటాది. పక్కనుండే గింజకు తెలిసేదే లేదు.”

“గిన్నెలో పడితే అయిపోయిందా అబ్బోడా?” అన్నాడు నాయన. “పొయ్యి మింద పెడితే అన్నీ ఒకే తూరి ఉడకాల. ముందు నువ్వు, తర్వాత నేను అని ఉడుకుతాయా?”

“ఉడికేది శ్రమల్లో బావా. మనం అంతకుముందే పోతాం.”

“అంటే నేను ఉడుకుతాంటే నువ్వు పైనుంచి సూస్తాంటావు. అంతేనా?”

“నువ్వు నమ్మితే నువ్వూ వొస్తావు బావా. నమ్మకుంటే నేనేం సేసేది?”

“ఎప్పుడొస్తే ఏముంది, ఇంట్లో రాగిపిండి ఉండాల గదా” అంది అమ్మ. “నోటితో కాదు, చేతులతో పితకండి ఇద్దురూ. పొద్దు పోతాండాది.”

అమ్మ ఆదివారం పొద్దున నాయన గుడికి పోయేది, సాయంత్రం తమ్ముడి కూటానికి పోయేది. ఇద్దరిలో ఎవరిది నిజమని అడిగితే, రెండుచోట్లా పాటలు బాగున్నాయనేది. నాకు మాత్రం మామ చెప్పేదే నచ్చేది. అందులో పరుగు ఉంది, దాగుడుమూతలు ఉన్నాయి. పిల్లలం అదే ఆట ఆడేవాళ్ళం. పావడా రవికె నేలమీద మనిషి పడుకున్నట్టు పరిచి, గడ్డివాము వెనక దాక్కునేవాళ్ళం. పక్కింటి పెద్దమ్మ ఒకసారి నా పావడా చూసి నిజంగానే గుండెలు బాదుకుంది. తర్వాత చీపురు తిరగేసింది.

మామ దగ్గర ఒక ముతక గాడా గుడ్డ మిగిలింది. తనకు చొక్కాలు కుట్టుకుందామని దాచుకున్నది. దాన్ని తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని, రైల్లో కాళహస్తికి పోయాడు. హిందువుల గుళ్ళకు కలంకారీ పటాలు రాసే ముసలాయన ఇంటికి పోయి, రాకడ మొత్తం ఒక పటంగా రాసివ్వమన్నాడు. సమాధులు తెరుచుకోవడం, ఎత్తబడడం, శ్రమలు, మృగం, వెయ్యేండ్ల పాలన, అన్నీ వరుసగా. ముసలాయన చేతిలో వెదురు కలం పెట్టుకొని ఓపికగా విన్నాడు.

“మృగానికి ఎన్ని తలలు స్వామీ?”

“ఏడు.”

“అయితే రావణాసురుడికి మూడు తలలు తక్కువ. దాందేముంది, రాసేద్దాం.”

కొన్నాళ్ళకు పటం వచ్చింది. మృగానికి ఏడు తలలకూ మెలిదిప్పిన మీసాలు. బూర ఊదే దేవదూతకు చెవిపోగులు, భుజకీర్తులు. సమాధుల్లోంచి లేచే ఆడవాళ్ళందరికీ ముక్కుపుడకలు, తలలో పూలు, నొసట ఎర్రగా బొట్లు. మామ కండ్లలో నీళ్ళు తిరిగాయి. మా వాళ్ళు బొట్టు పెట్టరు. ఆ ఎరుపు ఉతికితే పోయే ఎరుపు కాదు. చివరికి వేలితో సున్నం అద్ది బొట్లన్నీ మూసేశాడు. రెండు కూటాలు అయ్యేసరికి సున్నం రాలిపోయి బొట్లు మళ్ళీ బయటపడ్డాయి.

అమ్మ ఆ పటం చూసి నడుము పట్టుకొని నవ్వింది. అప్పటికి నిండు మనిషి. “ఎత్తబడేవాళ్ళ మాదిరి లేరు రా, పేరంటానికి పోతాండారు” అంది. పటంలో ఒక ఆడమనిషి సమాధిలోంచి ఒక కాలు బయటపెట్టి, ఒక చేత్తో కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉంటుంది. అమ్మ ఆమె మీద వేలు పెట్టింది. “ఈయమ్మ నాకు నచ్చిందబ్బా. లేస్తా లేస్తా కుచ్చిళ్ళు సర్దుకుంటాండాది సూడు.”

నాయన దూరం నుంచే చూశాడు. “గుడ్డ కరువులో ఇంత గుడ్డ పాడుజేసినావు గదా అబ్బోడా” అన్నాడు.

గుడ్డ కరువంటే ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. అమ్మ దగ్గర ఒక తెల్లచీర ఉండేది, ఎప్పుడో మిషన్ దొరసాని ఇచ్చింది. మామ బోధ విన్నాక దాన్ని ఉతికి మడతపెట్టి రాకడకని పెట్టెలో దాచింది. మేం దాన్ని ఎత్తబడే చీర అనేవాళ్ళం. నెలలు నిండాక, కంట్రోలు అంగడిలో గుడ్డ దొరక్క, ఆ చీరను చించి పురిటిగుడ్డలు చేసింది. మామ చూసి లబలబలాడాడు.

“రాకడకు పెట్టుకున్న చీర సించేస్తివే అక్కా!”

“ఆయనకంటే ముందు వీడొస్తాండాడు గదరా” అంది అమ్మ కడుపు చూపించి.

ఆ రోజు సంగతి చెబుతాను. చెప్పడానికి నాకు కష్టంగా ఉండదు. అందరికీ అదే విచిత్రం.

అమ్మకు సాయంగా ఉండమని ఆ వారం నన్ను బడి మాన్పించారు. అనపగింజలు గిన్నెలో పోసుకొని అమ్మ పితుకుతూ కూర్చుంది. “పాపా, మునగాకు కోసకరాపో” అని నన్ను గుట్ట పక్క తోటకు పంపింది. పోయి, ఆకు కోసుకొని, దారిలో రేగ్గాయలు తిని, తిరిగి వచ్చాను. వీధిలో ఎవరూ లేరు. మా తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పితికిపప్పు గిన్నె సగం నిండి ఉంది, పక్కన పొట్టు కుప్ప ఉంది. ఆ పొట్టు ఇంకా తడిగా ఉంది. అమ్మ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి.

ఎదురింటికి పరిగెత్తాను. మామ లేడు. పక్కింటికి పోయాను. పెద్దమ్మ తిరగలి దగ్గర సగం విసిరిన రాగులు పడున్నాయి. వీధి ఆ చివరి దాకా ప్రతి ఇంటి గడపా తొక్కాను. ఒక్క ప్రాణి లేదు. మామ చెప్పింది చెప్పినట్టే జరిగింది. వెనక్కి వచ్చి గిన్నె ముందు కూర్చుని, పొట్టు గుప్పెట్లో పట్టుకొని ఏడ్చాను. అమ్మ పోయిందని కాదు, నన్ను వదిలేసి పోయిందని. గొంతు పోయేదాకా ఏడ్చాను. నా ఏడుపంతా ఆ గిన్నె ముందే అయిపోయిందని నాకు అప్పుడు తెలియదు.

తర్వాత నాయన గుర్తొచ్చాడు. నాయన ఎత్తబడడాన్ని నమ్మడు గదా. మామ లెక్కన నాయన మిగిలిపోయి ఉండాలి. ఆ ఒక్క ఆశతో చెరువు కట్ట మీదుగా పక్క ఊరి బడికి పరుగెత్తాను. నాయన నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెబుతున్నాడు. ఆయన్ను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

“నాయనా, అందురూ ఎత్తబడినారు. అమ్మ పాయె, మామ పాయె, పెద్దమ్మోళ్ళు పాయిరి. మనిద్దరమే మిగిలినాం.”

పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. నాయన నవ్వాడు. నాయన బడిలో నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

“ఎవురు సెప్పినారు?”

“నేనే సూసినా. పొట్టు అట్లే ఉండాది. ఇంట్లో ఎవురూ లేరు.”

“మీ మామ వీధి వీధినంతా కూటానికి తోలకపోయుంటాడు. కూసో అమ్మణ్ణీ. భయం లేదు.”

నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, లెక్కలు తుడిచేసి, బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీశాడు. ఇది లోకం మొదలు, ఇది కడవర. మధ్యలో గీత ఎక్కడా తెగదు. ఎవరూ ఎవరినీ వదిలిపెట్టి పోరు. పోయేరోజు అందరూ ఒకటిగానే పోతారు. నిదానంగా, ఒక్కొక్క మాటా పిల్లలతో చెప్పిస్తూ చెప్పాడు. మామతో ఎన్నాళ్ళుగానో వాదించిందంతా ఆ పూట అడ్డుచెప్పేవాళ్ళు లేకుండా చెప్పుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ ఎవరినీ వదిలిపెట్టి పోరన్న మాట నాకు చాలా హాయిగా ఉంది.

గీత పక్కన ఇంకేదో రాయబోతుండగా పెద్దమ్మ మొగుడు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు.

“అయ్యవారూ, ఇంటామెకు పొద్దున్నే నొప్పులొచ్చినాయి. బిడ్డ అడ్డం తిరిగినాడంట. మంచం మింద ఏసుకొని రోడ్డుకు మోసుకొచ్చినాం. బస్సు నిలబడిపాయె. బొగ్గు రాజుకోదు. ఊరు ఊరంతా తోస్తిమి. ఆమె నీ కోసమే తోపు పక్క సూస్తానే ఉండె. ఎంతసేపున్నిందో! నేను తోసేదాంట్లో ఉండి రాలేకపోతి. ఇప్పుడే కదిలిపోయింది.”

నాయన సుద్దముక్కను పెట్టెలో పెట్టాడు. పెట్టె మూత వేశాడు. మెల్లగా గుమ్మం దాటాడు, ఆ తర్వాత పరుగెత్తాడు. నేను వెనకే పోయాను. బడికీ రోడ్డుకూ మధ్య ఒక మామిడితోపు, అంతే. పోయేసరికి రోడ్డు మీద బొగ్గు బూడిద, ఎవరో నీళ్ళు పోసిన తడి, పాడు పొగ వాసన. వీధిలోవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అందరి చేతులూ నల్లగా ఉన్నాయి. పెద్దమ్మ నన్ను చూసి, “యాడికి పోతివే? మీయమ్మ నిన్నే అడగతాండె” అంది. మామ బస్సులో అమ్మ వెంట పోయాడు. మళ్ళీ బస్సు మరునాడే. నాయన తిరుపతికి నడిచిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు ఆయన ఆసుపత్రి చేరాడు. మెట్ల మీద మామ కూర్చుని ఉన్నాడట. అప్పటికే అమ్మ పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

మరునాడు అమ్మను బండి మీద తెచ్చారు. పెద్దమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. నేను ఆమె భుజం మీదుగా బండి ఎద్దును చూస్తున్నాను. దాని కొమ్ముకు నీలిరంగు సగం రాలిపోయి ఉంది. అమ్మ పోయిందని నాకు వాళ్ళు చెప్పడమేమిటి? ఆ సంగతి నాకు నిన్ననే తెలుసు. అందరికంటే ముందు నాకే తెలుసు.

కప్పడానికి కొత్త గుడ్డ లేదు. తెల్లచీర ముక్కలు ముక్కలుగా పురిటిమూటలో ఉంది. కంట్రోలు అంగడి తీయలేదు. ఎవరింట్లోనూ చినగని గుడ్డ లేదు. అమ్మకు నీళ్ళు పోసి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మామ లేచి ఎదురింటికి పోయి పటం తెచ్చాడు. గోడ మేకుల చిల్లులు నాలుగు మూలలా ఉన్నాయి. నాయన ఏమంటాడోనని అందరూ చూశారు.

నాయన పోయి ఒక కొస పట్టుకున్నాడు.

“బొమ్మలు బయటికా, లోపలికా బావా?” అన్నాడు మామ. రంగు వెనక పక్కకు మసకగా దిగి ఉంది. ఆ పక్క బయటికి వేస్తే దారిన పోయేవాళ్ళు నవ్వరని మామ ఆలోచన కాబోలు.

“లోపలికే. కండ్లు తెరస్తానే కనపడేది అదే గదా.”

ముందా వెనకా అనలేదు. ఒక్క తూరా రెండు తూర్లా అనలేదు. మామ ఆ మాటకు కూలబడి ఏడ్చాడు. నాయన ఏడవలేదు. గుడ్డను అటు జరిపి ఇటు జరిపి, మడత సరిచేస్తూ చాలాసేపు ఏదో వెతికాడు. ఆ కుచ్చిళ్ళు సర్దుకునే ఆమె కోసం వెతుకుతున్నాడని నాకొక్కదానికే తెలిసింది. ఆమె సరిగ్గా అమ్మ మొహం మీదికి వచ్చేదాకా జరిపి, అప్పుడు చెయ్యి తీశాడు. మావాళ్ళు కాళ్ళు తూర్పుకు పెట్టి పూడుస్తారు, లేచినప్పుడు తూర్పు చూస్తూ లేస్తారని. దాని మీద నాయనకూ మామకూ ఎన్నడూ వాదన లేదు.

“యామన్నా అనిందా?” అని నాయన మామను అడిగింది ఆ సాయంత్రం. మొదటిసారీ చివరిసారీ అదే.

“పాప యాడుండాది అనింది బావా. అంతే.”

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. పెద్దమ్మ మా గిన్నె తీసుకుపోయి, మిగిలిన గింజలు తనే పితికి, వండి, సంగటితో కలిపి తెచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను. ఉప్పూ కారం సరిపోయాయి. ఇంకొంచెం పెట్టమని అడిగాను. ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఆకలేసింది, తిన్నాను. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడం కూడా అలవాటైపోతుందని ఆ తర్వాత తెలిసింది. నా పెండ్లిలో, నా బిడ్డల పురుళ్ళలో, నాయన పోయినప్పుడు, నా పెనిమిటి పోయినప్పుడు, అందరూ నన్ను గట్టి మనిషన్నారు. నేను గట్టిదాన్ని కాను. ఆ గిన్నె ముందు ఖాళీ అయిపోయిన దాన్ని.

మామ ఆ తర్వాత పటం లేకుండా కూటాలు పెట్టాడు. గాల్లో వేలితో గీసి చూపించేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేసి, గుడ్డ దొరికే కాలం వచ్చాక మిషను ముందు కూర్చున్నాడు. నాయనా ఆయనా ప్రతి చలికాలం గిన్నె చుట్టూ కూర్చుని అనపగింజలు పితికేవాళ్ళు. రాకడ ఊసు ఎత్తేవాళ్ళు కాదు. ఎండలు, వానలు, పిల్లల చదువులు మాట్లాడుకునేవాళ్ళు. బడిలో కూడా నాయన బల్ల మీద పొడుగాటి గీత మళ్ళీ గీయలేదని అక్కడ చదివినవాళ్ళు చెప్పారు.

ఇప్పుడు మా గుళ్ళో కుర్ర పాస్టర్లు తెర మీద రంగురంగుల పటాలు వేసి అదే వాదన వాదిస్తున్నారు. శ్రమలకు ముందా, మధ్యలోనా, వెనకా అని. నేను వెనక వరుసలో కూర్చుని వింటాను. వాళ్ళ మృగాలకు మీసాలు లేవు. ఎవరిది నిజమో తేల్చుకోవాలని నాకు లేదు. అన్ని పక్షాలూ ఒక్కదాన్ని మాత్రం ఒప్పుకుంటాయి. ముందు సమాధుల్లోవాళ్ళే లేస్తారు.

నా మంచం మీద దుప్పటికి బొమ్మలు పైకి ఉన్నాయి. పిల్ల నిద్రపోయాక లేచి తిరగేసుకున్నాను. మెడదాకా కప్పుకొని ఆ వాసనలో పడుకుంటే అమ్మ సంగతే ఆలోచనకొస్తుంది. బూర మోగుతుంది. కళ్ళు తెరుస్తుంది. బొట్టు పెట్టుకున్న ఆడమనిషి కుచ్చిళ్ళు సర్దుకుంటూ కనబడుతుంది, తప్పకుండా నవ్వుతుంది. తనూ లేచి కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. ఆ తర్వాత తూర్పు వైపు చూస్తుందో లేదో నాకు తెలియదు. ముందు నాలుగు పక్కలా చూసి, “పాప యాడుండాది?” అని అడుగుతుంది. అప్పుడైనా నాకు ఏడుపొస్తుందేమో.